రెండు లాట్లు, ఒకటే దుమ్ము

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో పుట్టినవాళ్ళకి రెండు విద్యలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. దగ్గు ఆపుకుంటూ మాట్లాడటం ఒకటి, పక్కవాడి సరుక్కి వంక పెట్టడం రెండోది. జ్యోతిర్మయికి ఈ రెండూ వచ్చాయి. మూడోది తనంతట తాను నేర్చుకుంది: ఆకాశంలో పక్కపక్కనే కనిపించే వెలుగు చుక్కల్ని చూసి అవి నిజం జంటో ఉత్తుత్తి జంటో తేల్చడం. ఈ మూడో విద్యకి గుంటూరులో గిరాకీ లేదు.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్ళుగా ఫిజిక్సు చెబుతోంది. పిహెచ్.డి. మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవాళ్ళు విసుగెత్తి మానేశారు. పెళ్ళి సంగతి అడిగేవాళ్ళు అంతకు ముందే మానేశారు గనుక బతుకులో కాస్త ప్రశాంతత ఉంది. ఇంట్లో ఉండేది ఆమె, తండ్రి పేరయ్య. ఆయన యార్డులో ఒక కమీషన్ కొట్లో నలభై ఏళ్ళు సరుకు చూసిన గుమాస్తా. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, ఇది ఏ ఊరిది, ఎన్నో కోత, నీళ్ళు చల్లారా లేదా చెప్పేసేవాడు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. చూడటానికి సరుకు లేక మనుషుల్ని చూస్తున్నాడు.

చుక్కలు చూస్తుందంటే వీధిలో అందరికీ తెలిసిన అర్థం ఒకటే. ఎదురింట్లో పిల్ల పుట్టిన రోజున, "నక్షత్రం ఏమిటో కాస్త చూసి చెప్పండమ్మా" అని వచ్చారు. తాను చూసే చుక్కలు అంత దగ్గరివి కావని జ్యోతిర్మయి చెప్పింది. "పోనీ దూరపువాటిలోనే మంచిది చూడండి" అన్నారు.

ఆమె చూసేవి క్వాసార్లు. నక్షత్రాలు కావు. ఎక్కడో వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఒక గెలాక్సీ నడిబొడ్డున, పెద్ద కృష్ణబిలం ఒకటి చుట్టూ ఉన్న వాయువునంతా లోపలికి లాక్కుంటూ ఉంటుంది. లోపల పడే ముందు ఆ వాయువు కాగి, మొత్తం గెలాక్సీని మించి వెలుగుతుంది. ఇక్కణ్ణుంచి చూస్తే అది సూదిమొన చుక్క. అలాంటి రెండు చుక్కలు పక్కపక్కన కనిపిస్తే, అవి నిజంగానే ఇరుగుపొరుగులు కావచ్చు. లేదా ఒకటి ముందు, ఇంకోటి దానికి ఎంతో వెనక ఉండి, మన కంటికి మాత్రం ఒకే వరసలో పడి ఉండవచ్చు. అన్నిటికన్నా అపురూపమైన సంగతి ఇంకొకటుంది. ఉన్నది ఒకటే క్వాసారు. దారిలో అడ్డంగా ఉన్న బరువైన గెలాక్సీ దాని వెలుగును రెండు పక్కలనుంచీ వంచి, ఒకదాన్నే రెండుగా చూపిస్తుంది. ఇది దొరికినవాడి పేరు నాలుగు కాలాలు నిలుస్తుంది. కలిసి కనిపించేవన్నీ కలిసి ఉన్నవి కావని తెలుసుకోవడానికైతే దూరదర్శిని అక్కర్లేదు, కాలేజీ స్టాఫ్‌రూం చాలు.

జ్యోతిర్మయి దగ్గర దూరదర్శిని లేదు. ప్రపంచంలో పెద్దపెద్ద దూరదర్శినులు తీసి, ఎవరైనా చూసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టిన ఆకాశపు బొమ్మల్ని, పట్టపగలు ఫిజిక్సు ల్యాబులో కూర్చుని, సెలవు రోజుల్లో జల్లెడ పట్టేది. అలా ఆరేళ్ళకి ఒక జంట దొరికింది. రెండు నీలం చుక్కలు. మధ్య ఎడం, ఐదు కిలోమీటర్ల అవతల నిలబెట్టిన ఒక మిరపకాయ ఎంత కనిపిస్తుందో అంత. రెండింటి రంగూ ఒకటే. బెంగళూరులో ఉండే ప్రొఫెసరు రాధాకృష్ణమూర్తికి రాసింది. ఆయన ఎవరినో పట్టుకుని ఒక పెద్ద దూరదర్శినితో ఆ రెండింటి వర్ణపటాలూ తీయించాడు. వర్ణపటమంటే వెలుగును రంగురంగులుగా ఆరబోసి, ఏ రంగు ఎంత ఉందో గీసిన గీత. ఆ గీతలో గుట్టలుంటాయి, గుంటలుంటాయి. రెండు గీతల్లోనూ నాలుగు గుంటలు అచ్చంగా ఒకే చోట ఉన్నాయి. జ్యోతిర్మయి ఆ నాలుగింటినే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. రెండో గీత చివరంతా గజిబిజిగా, ఏమీ తెలియకుండా ఉంది. అటు చూడలేదు. "రెండూ ఒకటే" అని రాసేసింది.

అలా రాయడం వెనక ఇంట్లో కొన్ని వందల సార్లు విన్న కథ ఒకటుంది. దాని సంగతి తరవాత.

ఈలోగా కాలేజీలో వేరే లెక్క నడుస్తోంది. కాలేజీ కరస్పాండెంటు సంజీవరావు విద్యావేత్త. అంటే ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది, దాన్ని అమ్మేశాడు. పోయినేడు ఫిజిక్సు మేజర్‌లో చేరింది ఐదుగురు. మార్చిలో ఆయన జ్యోతిర్మయిని పిలిచి, ఈ ఏడు నుంచి ఆ కోర్సు ఎత్తేస్తున్నామనీ, ఆమె సేవల్ని పూర్తిగా అడ్మిషన్లకి వాడుకుంటామనీ చెప్పాడు. అడ్మిషన్లంటే ఎండాకాలం అధ్యాపకులు కరపత్రాలు పట్టుకుని ఊరూరా తిరిగి, ఇంటర్ పాసైన పిల్లల తల్లిదండ్రుల్ని బతిమాలడం. జ్ఞానం గుమ్మం దగ్గరికే వెళ్ళాలని పెద్దలన్నారు కదా, ఆ గుమ్మం దగ్గర కుక్క ఉంటుందని చెప్పలేదు.

అప్పుడు ఆమె తన జంట సంగతి చెప్పింది. సంజీవరావు ఒక్కటే అడిగాడు.

"పేపర్లో వస్తుందా?"

"విజ్ఞాన పత్రికలో వస్తుందండీ."

"అది కాదు మేడం. పేపర్లో."

పేపర్లో వస్తే ఫిజిక్సు ఇంకో ఏడాది ఉంచుతానన్నాడు. ఏప్రిల్ మొదటి శనివారం సన్మానం పెట్టాడు. ప్రొఫెసరు ఆ పై సోమవారం పరిశోధన వ్యాసం పంపిస్తానన్నాడు, అందులో మొదటి పేరు ఆమెదే, అది అచ్చయితే పిహెచ్.డి. గట్టెక్కుతుంది. పద్నాలుగేళ్ళ పిహెచ్.డి., ఐదుగురు పిల్లల కోర్సు, రెండూ ఒకే చుక్కకి వేలాడుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఖాదర్‌బీ వచ్చింది. పేరయ్య పనిచేసిన కొట్లోనే ముప్పై ఏళ్ళు తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరిన మనిషి. జ్యోతిర్మయి పుట్టినప్పటినుంచీ తెలిసిన అత్త. చేతిలో సేమ్యా డబ్బా.

"మా పిల్ల ఫోటో సెంటర్లో ఫ్లెక్సీ మీద పడిందంటగా! కళ్ళజోడు పెట్టుకుని వెతికితే కనపడింది."

"ఎందుకు వెతకాల్సొచ్చింది?" అన్నాడు పేరయ్య.

"ఆ కరస్పాండెంటు మొహం పక్కన బొట్టుబిళ్ళంత వేశారన్నా."

టీ తెచ్చి ఇచ్చింది జ్యోతిర్మయి. ఏం కనిపెట్టావమ్మా అని ఖాదర్‌బీ అడగడం, కూతురు నోరు తెరిచేలోగా పేరయ్య అందుకోవడం జరిగిపోయాయి.

"అంతా నా దగ్గర నేర్చుకుందే. లారీ సంగతి చెప్పా కదా నీకు? ఆ ఏడు కాయ రేటు పడిపోయి ప్రభుత్వం కొనింది. ఒక్కో రైతుకి ఇన్ని బస్తాలే అని హద్దు పెట్టారు. దర్శి వైపునుంచి మార్టూరు మీదుగా ఒక లారీ వచ్చింది. రెండు లాట్లు. ఒక్కో లాటు ఒక్కో రైతు బస్తాలన్నారు. ఇక్కడో గుప్పెడు తీశా, అక్కడో గుప్పెడు తీశా. రెండింటికీ తెల్లటి రాతి దుమ్ము. ఒకటే రకం! రెండూ ఒకే కల్లంలో ఎండిన కాయలు, ఒకడే ఇద్దరి పేర్లమీద తెచ్చాడని అక్కడికక్కడే తేల్చేశా. రెండో లాటు వెనక్కి పంపించారు. మా కొట్టు సేటు నా భుజం తట్టాడు. ఇప్పుడు అమ్మాయి చేసిందీ అదే. రెండు చుక్కల మీదా ఒకటే దుమ్ము చూసింది, రెండూ ఒకటేనంది."

ఖాదర్‌బీ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు నువ్వు చెప్పింది తప్పన్నా."

"ఏందీ?"

"తప్పు. ఆ లాట్లు ఇద్దరివే. మార్టూరులో రాయి పాలిష్ పట్టే షెడ్ల దగ్గర లారీ టైరు పేలి, పూటంతా అక్కడే ఆగింది. మీద టార్పాలిన్ కూడా లేదు. ఆ దుమ్ము కల్లానిది కాదు, లారీది. మొదటి లాటు తాలు ఏరింది నేనేగా. ఆ కాయ విరిస్తే గింజ నల్లబడి ఉంది. ఆ వెనక్కి పంపిన మనిషి రెండు రోజులు మన యార్డు షెడ్డు పక్కనే బస్తాల మీద కూర్చున్నాడు. వాడి కాయా విరిచి చూశా. గింజ పచ్చగా బంగారంలా ఉంది. పైకి రెండూ ఒకటే రంగు."

"మరి అప్పుడే చెప్పకుండా ఇన్నేళ్ళూ నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"బెల్లం కాదు, కారం. తాలు ఏరేదాన్ని నన్నెవరడిగారు? నువ్వు దుమ్ము చూసి తేల్చేశావు, సేటు భుజం తట్టాడు. మధ్యలో నేనెవరిని?"

వాళ్ళిద్దరూ గొంతులు పెంచారు. జ్యోతిర్మయికి ఆ తరవాతి మాటలు వినపడలేదు. గీతలోని గుంటలు వెలుగు బయలుదేరిన చోటివి కావు. దారిలో అడ్డం వచ్చిన వాయుమేఘం తిన్న ముక్కలు. ఈ సంగతి ఆమె పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద రాస్తోంది. క్వాసారు ఎంత దూరంలో ఉందో చెప్పేది దాని సొంత గుట్ట గీతలో పడిన చోటు. కాయకి గింజ ఎలాగో, దానికి గుట్ట అలాగ. తెలిసి కూడా దుమ్ము చూసి తీర్పు చెప్పింది. ఎమ్మెస్సీ చదివింది యూనివర్సిటీలో, పొరపాటు మాత్రం నాన్న కొట్లో నేర్చుకుంది.

లాప్‌టాప్ తెరిచింది. రెండో చుక్క గీతలో, తాను చూడకుండా వదిలేసిన గజిబిజి చివర, పక్కపక్క బిందువుల్ని కలిపి సగటు తీసింది. గజిబిజి అణిగింది. మధ్యలో బోర్లించిన చేటలా ఒక గుట్ట తేలింది. మొదటి చుక్క గుట్ట ఉన్నచోట మాత్రం కాదు. రెండు సార్లు లెక్క కట్టింది. ఒకదాని వెలుగు ఎనిమిది వందల కోట్ల ఏళ్ళ నాడు బయలుదేరింది. రెండోది వెయ్యి కోట్ల పైచిలుకు. దానికీ దీనికీ పరిచయమే లేదు. ఒకే లారీ ఎక్కాయి, అంతే.

టీ చల్లారింది. ప్రొఫెసరుకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన తన దగ్గరున్న గీతలు తెరిచి చూసుకున్నాడు.

"నిజమేనమ్మా. నువ్వు చూశావు కదా అని నేను చూడలేదు."

"మీరు చూస్తారు కదా అని నేను ధైర్యం చేశానండీ."

"విజ్ఞానం ఇట్లాగే ముందుకు పోతోంది. అయినా దీనికీ ఉపయోగం ఉంది. వెనక రెండు దీపాలు, మధ్యలో ఒకటే మేఘం. ఆ మేఘం వెడల్పు కొలవచ్చు. కాకపోతే ఇట్లాంటి జంటలు వందల్లో ఉన్నాయి. మన దాన్ని ఏదైనా పట్టికలో కలుపుతాను. మొదటి పేరు, ప్రత్యేక వ్యాసం... అవన్నీ ఇక ఉండవు. తెలుసు కదా?"

తెలుసంది. సాయంత్రం ఐదింటికి కాలేజీకి వెళ్ళింది. సంజీవరావు శాలువాలు ఎంచుతున్నాడు.

"సార్, అది ఒకటి కాదండీ. రెండు."

"మరీ మంచిది. ఒకటి రెండయితే సన్మానం తగ్గుతుందా?"

"నేను కనిపెట్టాననుకున్నది ఒకటే రెండుగా కనిపించడమండీ. అది కాదని తేలింది. రెండు వేరువేరువి పక్కపక్కన కనిపించడం పెద్ద వింతేం కాదు."

ఆయన శాలువా మడత పెట్టాడు. "ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, బెంగళూరు ప్రొఫెసరుగారికి, మా నాన్నకి, ఖాదర్‌బీకి."

"ఖాదర్‌బీగారు ఏ యూనివర్సిటీ?"

"మిర్చి యార్డండీ."

సంజీవరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి మేడం. వెయ్యి కోట్ల ఏళ్ళ దూరమంటున్నారు. అక్కడికి వెళ్ళి చూసొచ్చేవాడెవడు? సోమవారం నుంచి రెండని చెప్పుకోండి, వంద అని చెప్పుకోండి. రేపు మాత్రం ఒకటే. ముఖ్య అతిథిగారు వస్తున్నారు, విలేకరులు వస్తున్నారు. రేపు మీరు పొరపాటు అన్నారనుకోండి, సోమవారం ఫిజిక్సు బోర్డు తీసేస్తాం. మీ ఇష్టం."

శనివారం పదకొండింటికి సభ. వేదిక వెనక ఫ్లెక్సీలో సంజీవరావు, ముఖ్య అతిథి భుజం భుజం రాసుకుంటూ నవ్వుతున్నారు. ఒక ప్రహరీగోడ విషయంలో వాళ్ళిద్దరికీ ఏడేళ్ళుగా మాటల్లేవు. ఫ్లెక్సీ కుర్రాడు రెండు ఫోటోల్నీ పక్కపక్కన అతికించాడు. దూరం తెలియాలంటే వీళ్ళకీ వర్ణపటం తీయాలి. మూలన జ్యోతిర్మయి, మధ్యలో గూగుల్లో దొరికిన ఏదో గెలాక్సీ. క్వాసారు మాత్రం ఎక్కడా లేదు.

ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడాడు. క్వాసార్లు మన పూర్వీకులకి ఎప్పుడో తెలుసన్నాడు. ఆ మాటే సంస్కృతంలోంచి వెళ్ళిందన్నాడు. పూర్వీకులకి అన్నీ తెలిస్తే ఈ ఎండలో మనకీ సభ ఎందుకో మాత్రం ఆయన చెప్పలేదు. లెక్చరర్లు చెయ్యి ఎత్తినప్పుడల్లా, హాజరు వేస్తామని చెప్పి కూర్చోబెట్టిన ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

జ్యోతిర్మయి లేచింది. ముందు వరసలో పేరయ్య ఇస్త్రీ పంచెలో, ఖాదర్‌బీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన కళ్ళలోకి చూడకుండా మైకు పట్టుకుంది.

"నేను పొరపాటు పడ్డాను," అంది. "ఒకటే రెండుగా కనిపిస్తోందని చెప్పాను. కాదు. రెండూ వేరు. దారిలో పట్టిన దుమ్ము ఒకటేనని, సరుకూ ఒకటే అనుకున్నాను. గింజ చూడలేదు. అదే నా తప్పు. ఇప్పుడు..."

"గింజ చూడాలి మరి!" అన్న ఖాదర్‌బీ మాట వెనక వరస దాకా వినిపించింది. సంజీవరావు మెరుపులా లేచి శాలువా కప్పేశాడు, మైకుతో సహా. ఒక లెక్చరరు చెయ్యి ఎత్తింది. చప్పట్లు మోగాయి.

ముగ్గురూ ఆటోలో ఇంటికి బయలుదేరారు. చుట్టుగుంట సెంటరు దాటాక పేరయ్య రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఖాదర్‌బీ, ఆ వెనక్కి పంపిన మనిషి పేరేంది?"

"నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదన్నా. కౌలు రైతు. అంతే తెలుసు."

ఆ రోజు సాయంత్రం పేరయ్య టీ అడగలేదు.

ఆదివారం జిల్లా పేజీలో వార్త వచ్చింది: 'రెండు కొత్త నక్షత్రాలు కనుగొన్న గుంటూరు అధ్యాపకురాలు'. అవి నక్షత్రాలు కావు, కొత్తవి కావు, వాటి విషయంలో ఆమె కనుగొన్నదల్లా తన తప్పు. రెండు అన్న మాట ఒక్కటే నిజం. జ్యోతిర్మయి విలేకరికి ఫోన్ చేసి సవరణ వెయ్యమంది. "బాగా వచ్చింది కదా మేడం, ఎందుకు చెడగొట్టుకోవడం?" అన్నాడు ఆయన బాధగా.

సోమవారం ఆమె పుస్తకాలు సర్దుకోవడానికి వెళ్ళింది. ఫిజిక్సు బోర్డు అలాగే ఉంది. సంజీవరావు పేపరు కటింగుకి అప్పటికే ఫ్రేము కట్టించాడు.

"చూశారా మేడం! మొన్న నేనేదో తొందరపడి అన్నాను. మీరు ఒకటి కాదు రెండన్నారు, వాళ్ళూ రెండే వేశారు. నిజం చెప్పినందువల్ల మనకి ఒక నక్షత్రం లాభం. కరపత్రం మీద ఈ కటింగే వేస్తున్నాం. నక్షత్రాలు వేసి ఫిజిక్సు లేదంటే బాగుండదు కదా. ఒక్క ఏడాది ఉంచుదాం."

నిజం చెప్పి కోర్సు పోగొట్టుకుంటే కనీసం గౌరవంగా ఉండేది. నిజం చెప్పినా అబద్ధమే అచ్చయి కోర్సు నిలబడింది. ఇలాంటి గెలుపుకి ఏ ముఖం పెట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఆమె కరపత్రాల కట్ట తీసుకుని, కటింగు ఉన్నవైపు కిందికి తిప్పి పట్టుకుంది.

మే నెలలో దర్శి దగ్గర ఒక ఊళ్ళో, కల్లంలో ఆఖరి కోత కాయలు పోగు చేస్తున్న కోటేశ్వరమ్మ అనే రైతు దగ్గర ఆగింది. ఆవిడ కూతురు అన్విత ఇంటర్ పాసైంది. కరపత్రం చూసి కోటేశ్వరమ్మ, "చుక్కలు కనిపెట్టింది నువ్వేనా?" అంది. కాదని చెప్పి, జ్యోతిర్మయి జరిగినదంతా చెప్పుకొచ్చింది. కల్లంలో పారలు ఆగాయి.

"అయితే తప్పు చేశానని చెప్పుకోడానికి ఇంత ఎండనబడి వచ్చావా?"

"అవునండీ."

"మా పిల్లకీ తప్పులే నేర్పుతావా ఏంది?"

"వాటికి నా దాకా రావాలా అండీ? ఇంట్లోనే నేర్చుకోవచ్చు. నేను అక్కడే నేర్చుకున్నా."

కోటేశ్వరమ్మ పారమీద చెయ్యి ఆనించి విరగబడి నవ్వింది. ఆ పక్కన అన్విత ఒక కాయ తీసి, విరిచి, గింజ చూస్తూ అడిగింది: "మేడం, ఆ దుమ్ము మధ్యలో ఎక్కడుందో ఎట్టా తెలిసిందండీ?"

ఆ ఏడు ఫిజిక్సులో చేరింది ఆరుగురు. రాధాకృష్ణమూర్తి పట్టికలో అరవై మూడు జంటలున్నాయి. జ్యోతిర్మయి జంట నలభై ఒకటో వరస, రచయితల్లో ఆమె పేరు తొమ్మిదోది. ఆ వరసకి ఎదురుగా రాసింది ఒకే ఒక ముక్క: మధ్యలోని మేఘం వెడల్పు కనీసం ఎనభై వేల కాంతి సంవత్సరాలు. గుంటూరులో ఎవరూ దాన్ని ఫ్రేము కట్టించలేదు.

కాలేజీ తెరిచిన వారానికి అన్వితని దింపడానికి కోటేశ్వరమ్మ వచ్చి, వీళ్ళింట్లో భోజనానికి ఆగింది. ఖాదర్‌బీ కూడా ఉంది. కొత్త మనిషి దొరికేసరికి పేరయ్య సర్దుకుని కూర్చున్నాడు.

"మార్టూరు మీదుగా ఒక లారీ వచ్చిందమ్మా. రెండు లాట్లు. రెండింటికీ తెల్లగా ఒకటే దుమ్ము. చూసినవాడెవడైనా ఒకడి సరుకే అంటాడు. కొట్లో ఒకళ్ళు అన్నారు కూడా. దుమ్ము దారిది, గింజ రైతుది, విరిచి చూడండిరా అని నేను ఆ రోజే చెప్పా."

ఖాదర్‌బీ ముద్ద నోటి దగ్గర ఆపింది. "ఎవరికి చెప్పావన్నా?"

"నీకే చెప్పా," అన్నాడు పేరయ్య. "నువ్వు దగ్గుతున్నావు, వినపడలేదు."